మోటబొక్కెన ఎవరి ఇంజనీరింగు? – తోలు, ఇనుము, క్రోమియం: ముడిసరుకును ఎంచుకునే హక్కు చరిత్ర

ఒక వస్తువును దేనితో చేయాలి? ఎట్లా చేయాలి? ఇంజనీరింగు కాలేజీల్లో చెప్పే డిజైను పాఠమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టే తిరుగుతుంది. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ మైకేల్ ఆష్‌బీ 1992లో యంత్ర రూపకల్పనలో పదార్థాల ఎంపిక మీద ఒక పుస్తకం వేశాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో విద్యార్థులకు అదే పద్ధతి పాఠమైంది. దాని సారం సాదాగా చెప్పుకోవచ్చు. వస్తువు చేయాల్సిన పని ఏంటో ముందు తేల్చుకోవాలి. దాటకూడని షరతులేవో చూసుకోవాలి. బరువు తగ్గించాలా, ఖర్చు తగ్గించాలా అనేది నిర్ణయించుకోవాలి. ఆ తర్వాత మన చేతిలో మిగిలిన స్వేచ్ఛ ఎంతో లెక్క వేసుకుని పదార్థాన్ని, తయారీ పద్ధతిని కలిపి ఎంచుకోవాలి. ఈ రెండింటినీ విడదీసి చూడటం కుదరదు. పోత పోసే పదార్థం వేరు, కుట్టే పదార్థం వేరు, సాగగొట్టే పదార్థం వేరు.

ఈ పాఠం చదివినప్పుడు మాకు మోటబొక్కెన గుర్తొచ్చింది. ఈ నాలుగు ప్రశ్నలనూ మాదిగవాడ ఏనాడో వేసుకుంది, జవాబులు కూడా చెప్పుకుంది. కానీ ఆ జవాబులను ఇంజనీరింగు అని ఎవ్వరూ అనలేదు, కులవృత్తి అన్నారు. కులవృత్తి అన్న మాటలో ఒక మోసం ఉంది. పుట్టుకతో వచ్చిన పనికి ఆలోచన అక్కర్లేదు, చేతులుంటే చాలన్న అర్థం ఆ మాట చాటున దాక్కుని ఉంటుంది. ఈ వ్యాసంలో మేం పరిశీలించేది రెండు విషయాలు. మోటబొక్కెనలో ఉన్న ఎంపిక ఎట్లాంటిది? ఆ ఎంపిక చేసే హక్కు మాదిగల చేతిలోంచి ఎట్లా జారిపోయింది?

1. బొక్కెన చేయాల్సిన పని

మోటను చూడని తరం వచ్చింది గనక ముందు దాని పని చెప్పుకోవాలి. బావి గట్టు మీద గిరక. గిరక మీదుగా మోకు. మోకు కొసన తోలుబొక్కెన. ఎద్దులు ఏటవాలు దారి వెంట కిందికి నడుస్తుంటే బొక్కెన పైకి వస్తుంది. పెద్ద బొక్కెనలో నూరు లీటర్లకు పైగానే నీళ్లు పడతాయి. రాయలసీమలో దీన్నే కపిల అన్నారు.

దీంట్లో అసలైన తెలివి తొండంలో ఉంది. బొక్కెన అడుగున ఏనుగు తొండంలా పొడుగాటి తోలుగొట్టం కుడతారు. ఆ తొండం మూతికి వేరే సన్నతాడు కట్టి ఉంటుంది. అది కిందనున్న ఇంకో దిమ్మ మీదుగా పోతుంది. బొక్కెన పైకి వచ్చేంతసేపూ తొండం మడత పడి, దాని మూతి నీటిమట్టం కన్నా పైనే నిలుస్తుంది. కాబట్టి నీళ్లు కారవు. బొక్కెన గట్టుకు చేరగానే సన్నతాడు తొండాన్ని కాల్వ వైపు లాగుతుంది, నీళ్లు వాటంతటవే దుంకుతాయి. గట్టు మీద నిలబడి బొక్కెన వంచే మనిషి అవసరం లేదు. ఎద్దుల వెంట ఉన్న ఒక్క మనిషి చాలు. రెండు తాళ్ల పొడవుల మధ్య తేడాతోనే బొక్కెన తనంతట తాను ఖాళీ అవుతుంది.

ఇప్పుడు షరతులు చూద్దాం. బొక్కెన పగలంతా నీళ్లలో నానుతుంది, రాత్రి ఆరుతుంది. పైకి వస్తూ బావి రాళ్లకు తగులుతుంది. తొండం రోజుకు వందలసార్లు మడత పడి మళ్లీ విచ్చుకుంటుంది. తెగితే ఊళ్లోనే బాగుచేసుకోవాలి, ఎందుకంటే పొలం రెండు రోజులు ఎండితే పంట పోతుంది. మట్టికుండ అయితే రాయి తగిలితే పగులుతుంది. కొయ్య నానుతూ ఆరుతూ నెర్రెలిస్తుంది, బరువు కూడా ఎక్కువ. రేకుల మిల్లులు రాకముందు అంత పెద్ద ఇనుపబొక్కెన రైతుకు అందే సరుకు కాదు. పైగా ఇనుమును తొండంలా మడవలేం. ఈ షరతులన్నింటినీ ఒకేసారి దాటగలిగింది తోలు ఒక్కటే. రాయి తగిలితే లొంగుతుంది, మడతకు ఓర్చుకుంటుంది, చిరిగితే అతుకు పడుతుంది. అందుకే మోటకు తోలును ఎంచుకున్నారు. దిక్కులేక తీసుకున్నది కాదది.

2. ఒకే పశువు, మూడు దారులు

పదార్థాన్ని ఎంచుకుంటే సగం పనే అయింది. మిగతా సగం తయారీ పద్ధతిలో ఉంటుంది. మాదిగల పనిలో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. పచ్చితోలు ఒకటే అయినా, చేయబోయే వస్తువును బట్టి దాన్ని మూడు వేర్వేరు దారుల్లో నడిపించారు.

మొదటి దారి డప్పుది. డప్పుకు పలచటి తోలు కావాలి. వెంట్రుక తీసి, శుభ్రం చేసి, పచ్చిగానే చట్రానికి బిగిస్తారు. తంగేడు నీళ్లలో నానబెట్టరు. నానబెడితే తోలు మెత్తబడి మోత చచ్చిపోతుంది. పచ్చితోలు ఆరినకొద్దీ బిగుసుకుంటుంది. కొట్టేముందు డప్పును మంట దగ్గర కాచేది అందుకే. తేమ పోతే తోలు ముడుచుకుని శ్రుతి పెరుగుతుంది.

రెండోది కట్టు వార్ల దారి. కాడికి, కర్రకు గట్టి కట్టు వేయాలంటే పచ్చితోలు వారును నానబెట్టి తడి మీదనే చుట్టి బిగించాలి. ఆరేటప్పుడు అది ముడుచుకుని ఇనుప పట్టీలా పట్టుకుంటుంది. తోలు ముడుచుకోవడం చాలాచోట్ల లోపమే. ఇక్కడ ఆ లోపమే పనిముట్టు అయింది.

మూడోది మోటది, చెప్పుది. ఇక్కడ తోలు ముడుచుకోకూడదు, కుళ్లకూడదు, నీళ్లకు ఓర్చుకోవాలి. కాబట్టి సున్నం, చెక్క, నూనె అన్నీ కావాలి. మళ్లీ ఒకే తోలులో అన్ని భాగాలూ ఒక్క తీరు ఉండవు. వీపు భాగంలో పీచు దట్టంగా అల్లుకుని ఉంటుంది. పొట్ట భాగంలో వదులుగా ఉండి సాగుతుంది. చెప్పు అట్టకు బర్రెతోలు వీపు భాగం పనికొస్తుంది. బరువు మోసే చోట పొట్ట తోలు పెడితే సాగి రూపం చెడుతుంది. రంపె పట్టుకుని తోలు ముందు కూర్చున్న మనిషి మొదటి కోత వేయకముందే ఈ లెక్కంతా మనసులో వేసుకోవాలి. ఒక్క కోత తప్పితే తోలంతా నష్టం.

ఇంజనీరింగు పుస్తకంలో ఒక గుణాన్ని అడ్డగీత మీద, ఇంకో గుణాన్ని నిలువుగీత మీద పెట్టి పటాలు గీస్తారు. మాదిగ పెద్దల దగ్గర ఆ పటం కాగితం మీద లేదు. వేలికొసల్లో ఉంది. తోలును వంచి చూసి, గోరుతో నొక్కి చూసి, అంచు కోసి చూసి చెప్పేవాళ్లు.

3. లంద: ఒక తయారీశాల

లంద అంటే తోళ్లు నానబెట్టే తొట్టి. ఆ పేరు వింటేనే ఊరు ముక్కు మూసుకుంది. అక్కడ జరిగే పనిని ఒక తయారీ క్రమంగా చూస్తే ఏం కనపడుతుంది?

ముందు తోలును కడిగి నానబెట్టాలి. తర్వాత సున్నపునీళ్లు. సున్నం వెంట్రుక కుదుళ్లను వదులు చేస్తుంది, పీచును ఉబ్బిస్తుంది. తక్కువ రోజులుంచితే వెంట్రుక రాదు. ఎక్కువ రోజులుంచితే పీచు వదులై తోలు బలం పోతుంది. ఎండాకాలం ఒక లెక్క, చలికాలం ఒక లెక్క. ఆ తర్వాత లోపలి కండ గీకడం, సున్నం కడిగేయడం. అప్పుడు తంగేడుచెక్క. తంగేడు, తుమ్మ చెక్కల్లో, కరక్కాయలో ఉండే వగరు పదార్థం తోలులోని మాంసకృత్తు పోగులను పట్టుకుంటుంది. దాంతో తోలు కుళ్లదు, ఆరినా కట్టెలాగ బిగుసుకోదు. వక్క నమిలితే నోరు ఎందుకు పట్టేస్తుందో తోలులోనూ అదే జరుగుతుంది.

ఇక్కడ ఒక కీలకమైన మెలకువ ఉంది. మొదటి రోజే చిక్కటి చెక్కనీళ్లలో వేస్తే తోలు పైపొర ముందుగా గట్టిపడి తలుపు మూసుకుపోతుంది. లోపల పచ్చిగానే మిగిలిపోతుంది. అందుకని ముందు వాడేసిన పలచటి నీళ్లు, తర్వాత కొత్త చిక్కటి నీళ్లు. పని అయిందో లేదో తెలుసుకోవడానికి అంచు కోసి మధ్యలో తెల్లచార ఉందేమో చూస్తారు. ఇప్పటి ఫ్యాక్టరీ భాషలో దీన్ని నాణ్యతా పరీక్ష అంటారు. తంగేడుతో చేసిన తోలు వెలుతురుకు ఎర్రబడుతుంది. చివర్లో కరక్కాయ పెడితే ఆ ఎరుపు ఆగుతుంది. ఆఖరున నూనె పట్టిస్తారు. మద్రాసు రాష్ట్రం నుంచి లండన్‌కు ఎగుమతైన 'ఈస్ట్ ఇండియా' తోళ్లకు పేరు వచ్చింది ఈ తంగేడు, కరక్కాయ, కానుగనూనెల వల్లే.

ఈ పనిలో సగం ఆడవాళ్లది. చెట్టు చెక్క ఒలుచుకొచ్చింది, దంచింది, నీళ్లు మోసింది వాళ్లు. తోలుపని మీద రాసిన కాసిన్ని రాతల్లో కూడా మగవాళ్ల ఆరె, రంపె కనపడతాయి గాని ఆడవాళ్ల రోకలి కనపడదు. మా పరిశోధనలోనూ మొదట ఈ తప్పు జరిగింది. మేం ప్రశ్నలన్నీ తాతల్నే అడిగాం. పక్కనే కూర్చున్న ఒక అవ్వ, "చెక్క ఎప్పుడు మారగొట్టాల్నో ఆయనకేం ఎరుక బిడ్డా, నన్నడుగు" అంది. ఆ తర్వాత మా ప్రశ్నల పట్టీ మార్చుకున్నాం.

4. మేర, వెట్టి

ఈ జ్ఞానానికి ధర ఎవరు కట్టారు? ఎట్లా కట్టారు?

ఊళ్లో చచ్చిన పశువు తోలు మాదిగలకు చెందుతుంది. బదులుగా వాళ్లు రైతులకు మోటబొక్కెన, వార్లు, చెప్పులు చేసివ్వాలి, చిరిగితే కుట్టాలి. కళ్లం దగ్గర ఏడాదికింత అని గింజలు కొలుస్తారు. అదే మేర. ఈ ఏర్పాటులో ఒక విషయం గమనించాలి. బొక్కెన ఎన్నిసార్లు చిరిగినా గింజలు పెరగవు. అంటే మరమ్మతు భారమంతా చేసినవాడిదే. కనుక ఎక్కువకాలం మన్నేట్టు, సులువుగా అతుకు పడేట్టు చేయడం మాదిగకే అవసరం. ఇప్పుడు కంపెనీలు గ్యారంటీ కార్డు ఇస్తున్నాయి. మేర కింద మాదిగ జీవితాంతం గ్యారంటీ ఇచ్చాడు. బొక్కెన డిజైను అంత చక్కగా కుదరడానికి ఇదొక కారణమని మా అభిప్రాయం.

తెలంగాణలో దొరల దగ్గర మేర కూడా లేదు. నిజాం రాజ్యంలో భూస్వాములకు చెప్పులు, మోటకు కావాల్సిన తోలుసామాన్లు ఊరికే చేసివ్వాల్సి వచ్చింది. ఇది వెట్టి. తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలు రాసినవాళ్లు వెట్టి చేసిన కులాల జాబితాలో మాదిగల్ని చేర్చారు. కానీ వెట్టి గుంజుకుంది ఒంటి చాకిరీని మాత్రమే కాదని, ఒక సాంకేతిక పరిజ్ఞానాన్ని కూడా గుంజుకుందని వాళ్లు రాయలేదు. వస్తువుకు ధర లేనప్పుడు దాంట్లోని తెలివికీ ధర ఉండదు. ధర లేని తెలివి కొత్త పనిముట్టుకు, కొత్త ప్రయోగానికి పెట్టుబడి కాలేదు. లంద తరతరాలుగా లందగానే ఎందుకు నిలిచిపోయిందని అడిగేవాళ్లకు మా జవాబు ఇది. మాదిగలకు బుర్ర లేక కాదు, మిగులు లేక.

ఇంకో సంగతి. తోలుబొక్కెన రోజూ బావిలో మునిగింది. దాన్ని చేసిన చేతికి మాత్రం ఊరబావిని తాకే హక్కు లేదు. చచ్చిన గొడ్డు తోలు నీళ్లల్లో మునిగితే అంటు లేదు, దాన్ని కుట్టిన మనిషి మునివేలు తగిలితే అంటు. వాసన వల్ల, మురికి వల్ల అంటరానితనం వచ్చిందని చెప్పే పండితులు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

5. మద్రాసులో ఒక ప్రయోగం

పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు తోళ్లకు లండన్‌లో గిరాకీ పెరిగింది. తోలుకు నగదు ధర వచ్చాక ఊళ్లో చచ్చిన పశువు మీద మాదిగల హక్కు పలచబడుతూ వచ్చింది. తోళ్లు పట్నం ఫ్యాక్టరీలకు తరలిపోయాయి. ఫ్యాక్టరీలు వ్యాపారులవి, అందులో తోలు మోసింది, గీకింది దళితులు.

ఈ నేపథ్యంలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరింగు ప్రొఫెసర్ వస్తాడు. మద్రాసులో అల్యూమినియం పాత్రల తయారీని 1898లో మొదలుపెట్టింది ఆయనే. 1904లో మద్రాసు రాష్ట్రంలో తోలు శుద్ధి, తోలుపని మీద ఒక నివేదిక రాశాడు. 1903 నుంచి క్రోమ్ పద్ధతిలో తోలు శుద్ధి మీద ప్రయోగాలు చేయించాడు. ఈ ప్రయోగాలకు లక్ష్యంగా పెట్టుకున్న వస్తువుల్లో మోటబొక్కెన ముఖ్యమైంది.

ఆయన వేసుకున్న ప్రశ్న సరైనదే. చెక్కతో శుద్ధి చేసిన తోలు రోజూ నీళ్లలో నానితే అందులోని వగరు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. అప్పుడు తోలు బలం తగ్గి కుళ్లుతుంది. మాదిగలకు ఇది తెలుసు. నూనె పట్టించడం, అతుకులు వేయడం వాళ్ల మందు. చాటర్టన్ వెతికిన మందు క్రోమియం. అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ 1884లో, మార్టిన్ డెన్నిస్ 1893లో క్రోమ్ శుద్ధికి పేటెంట్లు తీసుకున్నారు. క్రోమియం లవణం తోలు పోగుల మధ్య వంతెనలా బిగుసుకుంటుంది. నీళ్లు దాన్ని తేలిగ్గా కడిగేయలేవు. మరుగుతున్న నీళ్లకు దగ్గరి వేడిని కూడా ఆ తోలు తట్టుకుంటుంది. చెక్కతోలు అంతకన్నా చాలా ముందే ముడుచుకుపోతుంది. వారాలు పట్టే పని గంటల్లోకి, రోజుల్లోకి వస్తుంది. పదార్థం గుణం ప్రకారం చూస్తే నీళ్లబొక్కెనకు క్రోమ్‌తోలు మంచి ఎంపిక.

కానీ ఆ ఎంపికను ఎవరు అమలు చేయగలరు? బైక్రోమేటు ఉప్పు, ఆమ్లం, తూకాలు, తిరిగే పీపాలు కావాలి. ఇవి లందలో కుదరవు. తంగేడు ఊరి పొలిమేరలో పెరుగుతుంది, బైక్రోమేటు పెరగదు. తయారీ పద్ధతిని మార్చడమంటే చేసే మనిషిని కూడా మార్చడమే. చెక్క నుంచి క్రోమియానికి మారితే మాదిగ కుటుంబం తయారీదారు స్థానం నుంచి కూలి స్థానానికి జారుతుంది. ఆష్‌బీ చెప్పిన నాలుగు ప్రశ్నలకు మేం ఐదో ప్రశ్న చేరుస్తున్నది ఇక్కడే: ఈ పద్ధతి ఎవరి చేతికి అందుతుంది, ఎవరి చేతిలోంచి పోతుంది?

ఆ ప్రయోగం కూడా ఎక్కువకాలం ప్రభుత్వం చేతిలో సాగలేదు. 1908లో ఊటీలో పరిశ్రమల సమావేశం జరిగింది, మద్రాసులో పరిశ్రమల శాఖ ఏర్పడింది. 1910లో భారత వ్యవహారాల మంత్రి మార్లే, ప్రభుత్వం స్వయంగా పరిశ్రమలు నడపడం తగదని ఉత్తర్వు పంపాడు. క్రోమ్ ఫ్యాక్టరీని ప్రభుత్వం వదిలించుకుంది. చరిత్రకారులు దీన్ని బ్రిటిష్ పెట్టుబడికి, దేశీ పరిశ్రమకు మధ్య తగాదాగా రాశారు. అది నిజమే. అయితే ఆ తగాదాలో రెండు పక్కలా లేనివాడు ఒకడున్నాడు. బొక్కెన కుట్టేవాడు. ఊటీ సమావేశం ఆలోచించింది పరిశ్రమల గురించి. లందకు నేర్పడం, లంద దగ్గర నేర్చుకోవడం ఆ ఆలోచనలో భాగం కాలేదు.

6. ఇనుపబొక్కెన, తోలుతొండం

మోటబొక్కెన అసలు మార్పు ఇంకో దారిలో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రేకు ఇనుము చవకయ్యాక బొక్కెన ఒంటిని ఇనుపరేకుతో చేయడం వ్యాపించింది. తొండం మాత్రం తోలుదే ఉండిపోయింది. మా వాదనకు ఇంతకన్నా మంచి రుజువు అక్కర్లేదు. ఒకే వస్తువులో రెండు భాగాలు రెండు వేర్వేరు పనులు చేస్తున్నాయి. ఒళ్లు నీళ్లను మోయాలి, రూపం చెడకూడదు. దానికి రేకు సరిపోయింది. తొండం మడత పడాలి. ఇనుము ఆ పని చేయలేదు. అంత పెద్ద పరిశ్రమ విప్లవం తర్వాత కూడా మడత పడే చోట తోలుకు బదులు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. అంటే మాదిగల మొదటి ఎంపిక ఎంత కచ్చితమైందో ఇనుమే సాక్ష్యం చెప్పింది.

అయితే లెక్క మారింది. ఒక పూర్తి బొక్కెనకు బదులు ఒక్క తొండం. పట్నం వర్క్‌షాపు రేకు బొక్కెనకు డబ్బులు తీసుకుంది. తొండానికి మాత్రం పాత మేరే. ఆ తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. చాటర్టన్ తన కాలంలోనే ఆయిలింజన్ పంపుల్ని ప్రోత్సహించాడు. స్వాతంత్ర్యం తర్వాత పల్లెలకు కరెంటు చేరినకొద్దీ మోట వెనక్కి పోయింది. మోటారు రావడం మంచిదే. ఎద్దులకూ మనుషులకూ చాకిరీ తప్పింది. మోట పోయిందని మేం ఏడవడం లేదు. మేం అడుగుతున్నది వేరు. మోట పోయినప్పుడు మోటారు ఎవరి పొలానికి వచ్చింది? బొక్కెన కుట్టినవాడికి పొలం లేదు గనక మోటారూ రాలేదు. రైతుకు ఒక పరికరం పోయి ఇంకో పరికరం వచ్చింది. మాదిగకు పని పోయింది, మేర పోయింది, దాని బదులు ఏదీ రాలేదు.

7. డిగ్రీ వచ్చిన తోలు

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ఏర్పడింది. మన తెలుగువాడు, గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన వై. నాయుడమ్మ 1958లో దానికి డైరెక్టరయ్యాడు. తర్వాత సి.ఎస్.ఐ.ఆర్. అధిపతి కూడా అయ్యాడు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో చనిపోయాడు. తోలును చులకనగా చూసే దేశంలో తోలు మీద సైన్సు నిలబెట్టిన మనిషిగా ఆయన్ను గౌరవించాల్సిందే. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది. తోలుకు ప్రయోగశాల, డిగ్రీ, ఎగుమతి డాలర్లు వచ్చినప్పుడు అన్ని కులాలూ తోలు దగ్గరికి వచ్చాయి. తోలుకు అంటు పోయింది. తోలును మొదట పట్టుకునే చేతికి మాత్రం పోలేదు. అంటరానితనం పదార్థంలో లేదని, మనిషి మీద మోపిన పెత్తనంలో ఉందని చెప్పడానికి తోలు చరిత్ర కంటే మంచి పాఠం లేదు.

1972లో సీతారామయ్య కమిటీ సిఫార్సుల తర్వాత 1973లో పచ్చితోళ్ల ఎగుమతిని ప్రభుత్వం నిషేధించింది. సగం శుద్ధి చేసిన తోళ్లకు కోటాలు పెట్టింది. పూర్తిగా తయారైన సరుకు ఎగుమతి చేసి విలువ పెంచాలన్నది ఉద్దేశం. దేశానికి విలువ పెరిగింది. దాంతోపాటు క్రోమ్ పద్ధతి కూడా పెరిగింది. క్రోమ్ తొందరగా అవుతుంది, కానీ తోలు పట్టుకోగా మిగిలిన క్రోమియం నీళ్లతో బయటికి పోతుంది. ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో పాలార్ నది, బావులు పాడైతే కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. అయినా 2015 జనవరి 31న రాణిపేటలో తోలు ఫ్యాక్టరీల వ్యర్థాల ట్యాంకు గోడ కూలి 10 మంది కార్మికులు చనిపోయారు. ఎంపిక ఎగుమతి లెక్క చూసుకుని జరిగింది. దాని ఖర్చు నీళ్లు తాగేవాళ్లు, బురదలో పనిచేసేవాళ్లు కట్టారు. లంద వాసన గురించి శతాబ్దాలు మాట్లాడిన దేశం క్రోమియం బురద గురించి కోర్టు చెప్తే గాని మాట్లాడలేదు.

8. చెప్పు, అచ్చు

చెప్పు సంగతి కూడా క్లుప్తంగా చెప్పుకోవాలి. ఆరెతో కుట్టే చెప్పు ఒక్కొక్క కాలికి ఒక్కొక్కటి. కాలు చూసి కోస్తారు. ఒకటి చేసినా, పది చేసినా ఒక్కో చెప్పుకు పడే శ్రమ ఇంచుమించు అంతే. రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులు అచ్చులో తయారవుతాయి. అచ్చు ఖరీదైంది. వేలకు వేలు పోస్తేనే ఆ ఖర్చు చెప్పు మీద పంచుకుపోతుంది. కాబట్టి తయారీ పద్ధతి ఎంత సరుకు అమ్మాలో, ఎంత పెట్టుబడి ఉండాలో ముందే నిర్ణయిస్తుంది. కలకత్తా దగ్గర బాటానగర్ 1934 నాటిది. ఆ దారిలో వచ్చిన చౌక చెప్పు పేదోళ్ల కాళ్లకు ముల్లు తప్పించింది. దొర ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన జనానికి చెప్పు తొడుక్కోవడమే ఒక స్వేచ్ఛ. దాన్ని మేం తక్కువ చేయడం లేదు. కానీ చెప్పు కుట్టేవాడు రోడ్డు పక్కన ఇతరులు చేసిన చెప్పులకు అతుకులేసే మనిషిగా మిగిలాడు. చెప్పును దేనితో చేయాలన్న ప్రశ్న ఇప్పుడు అతన్ని ఎవరూ అడగరు.

9. మేం ఏం కోరుతున్నాం

ఇదంతా చదివి, మళ్లీ లంద దగ్గరికి పొమ్మంటున్నారా అని మా వాళ్లే అడగొచ్చు. కానే కాదు.

1927 మహాడ్ సమావేశంలో అంబేడ్కర్ నాయకత్వాన చచ్చిన గొడ్లను ఈడ్చే పని మానేయాలని మహర్లు తీర్మానించుకున్నారు. 1934లో గాంధీ 'హరిజన్' పత్రికలో గ్రామీణ తోలు శుద్ధిని బాగుచేయడం గురించి రాశాడు. తోలుపని గౌరవం పెరగాలని గాంధీ అన్నాడు, కానీ పుట్టుకను బట్టి పని అన్న సూత్రాన్ని వదల్లేదు. 1936లో అంబేడ్కర్ కులనిర్మూలన గురించి రాస్తూ ఆ సూత్రం మీదనే దెబ్బకొట్టాడు. కులం పనులను పంచడంతో ఆగదని, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొడుతుందని వాదించాడు. ఈ విషయంలో మేం అంబేడ్కర్ పక్షం. పని వదిలే హక్కు లేనిచోట పనికి గౌరవం అన్న మాటకు అర్థం లేదు.

వదలకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. ఆగస్టులో మన అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత సోదరుల్ని కొట్టారు. పని చేయమని నిర్బంధించిన సమాజమే, చేస్తే కొట్టింది.

పని వదలడం వేరు, ఆ పనిలోని జ్ఞానాన్ని వదలడం వేరు. ఈ తేడాను మన ఉద్యమం ఇంకా పూర్తిగా పట్టించుకోలేదు. కంచ ఐలయ్య 2009లో వచ్చిన తన పుస్తకంలో మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలన్నాడు. ఆ మాటను బిరుదుగా చెప్పుకుని ఊరుకోకుండా వివరాల్లోకి దిగాలి. సున్నంలో ఎన్ని రోజులు, ఏ చెట్టు చెక్క, తోలులో ఏ భాగం, రెండు తాళ్లకు ఎంత తేడా అని అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన అవ్వలు, తాతలు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. వాళ్లు పోతే మనకు మిగిలేది వలస అధికారుల నివేదికలు, మనల్ని చూసి ఇతరులు రాసుకున్న కులాల పట్టీలు.

కాబట్టి మా ప్రతిపాదనలు మూడు. ఒకటి, తోలుపని చేసిన మిగిలిన తరం నుంచి, ముఖ్యంగా ఆడవాళ్ల నుంచి, తయారీ పద్ధతులను అడిగి రాసుకోవాలి. ఆచారాలను రాసుకున్నంత శ్రద్ధ ఈ పద్ధతుల మీద కూడా పెట్టాలి. రెండు, ఇంజనీరింగు కాలేజీల్లో డిజైను పాఠంలో మోటబొక్కెన ఉండాలి. మన పిల్లలు ఇప్పుడు ఆ క్లాసుల్లో కూర్చుంటున్నారు. రిజర్వేషన్‌తో వచ్చినవాళ్లకు ఇంజనీరింగు ఎక్కడ వస్తుందన్న మాటలు ఆ క్లాసుల్లోనే వింటున్నారు. ఆ పిల్లలకు తమ ఇంటి జ్ఞానం పాఠంలో కనపడాలి. మూడు, కొత్త పరిశ్రమ పెట్టేటప్పుడు, కొత్త పద్ధతి తెచ్చేటప్పుడు ఐదో ప్రశ్న తప్పకుండా వేయాలి: ఇది ఎవరి చేతికి అందుతుంది, ఎవరి చేతిలోంచి పోతుంది, దీని మురికి ఎవరి వాడకు పారుతుంది?

మా ప్రశ్నల పట్టీ సరిదిద్దిన అవ్వ దగ్గరికి మళ్లీ పోయినప్పుడు మేం ఆష్‌బీ పుస్తకంలోని పటాలు చూపించి, ఇదిగో ఇట్లా పదార్థాలు ఎంచుకోవాలని కాలేజీలో చెప్తారని వివరించాం. ఆమె కాసేపు చూసి, "దీంట్ల తోలేది బిడ్డా?" అని అడిగింది. చూపించాం. చిన్న గుండ్రటి బుడగ. ఆ బుడగలో తంగేడుతోలు, క్రోమ్‌తోలు, పచ్చితోలు అన్న తేడా లేదు. వీపు తోలు, పొట్ట తోలు అన్న తేడా అసలే లేదు. ఆ బుడగను విప్పి రాయాల్సిన పని మనది.